రైతు బొమ్మకు లక్షలు, రైతుకు ఎంత?

(సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర మీద తరగతి పెట్టి బొమ్మల సంగతి ఎత్తాడేమిటని కొందరు నవ్వుకోవచ్చు. నేను చెప్పేది మూడు బొమ్మల గురించే. మూడూ యూరప్‌లో గీసినవే, నూట నలభై ఏళ్ళు దాటినవే. వాటిలో రాజులూ లేరు, దేవతలూ లేరు. మట్టి చేతుల మనుషులున్నారు.

వాటిలో రెండు బొమ్మలు గీసిన మనిషి పేరు జాన్ ఫ్రాన్స్వా మిలే. 1814లో ఫ్రాన్సులోని నార్మండీలో, గ్రూషీ అనే పల్లెలో, సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టాడు. చిన్నతనంలో పొలం పనులు చేశాడు. బొమ్మలు నేర్చి పారిస్ చేరాడు గానీ, 1849లో ఆ నగరం వదిలి బార్బిజాన్ అనే పల్లెకు వచ్చి అక్కడే స్థిరపడ్డాడు.

1857లో ఆయన పారిస్ ప్రదర్శనలో పెట్టిన బొమ్మలో ముగ్గురు ఆడవాళ్ళు కోత అయిపోయిన గోధుమ చేలో వంగి వెన్నులు ఏరుకుంటుంటారు. మనం పరిగె ఏరడం అంటామే, అదే. ఒకరి చెయ్యి నడుము వెనక ఉంటుంది. రోజంతా వంగి పని చేసినవాళ్ళకు అదెందుకో చెప్పనక్కర్లేదు. వెనక దూరంగా పెద్ద పెద్ద కుప్పలు, నిండిన బండి, కుడివైపున గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. పంట అంతా అటు, పిడికెడు వెన్నులు ఇటు. ఎవరు ఎవర్ని దోచారని మిలే బొమ్మలో ఎక్కడా రాయలేదు. అయినా డబ్బున్నవాళ్ళకు కోపం వచ్చింది. 1848 విప్లవం జరిగి అప్పటికి తొమ్మిదేళ్ళే. పేదల్ని ఇంత పెద్దగా, ఇంత గౌరవంగా చూపించడంలోనే వాళ్ళకు తిరుగుబాటు వాసన తగిలింది. పేదవాడు పరిగె ఏరుకోవడం అక్కడ పాత కాలం నుంచీ ఉన్న హక్కు. మన దగ్గర కూడా వేరుశనగ పీకిన చేలోకి, వరి కోసిన మడిలోకి పరిగెకు పోయేవాళ్ళు చాలామంది భూమి లేని ఆడవాళ్ళే. కాబట్టి రైతు సమస్య అన్నప్పుడు పట్టా ఉన్నవాడి సమస్య ఒక్కటే అనుకోకండి. ఆ బొమ్మలో ముందు నిలిచింది కుప్ప యజమాని కాదు.

ఇంకో బొమ్మ హాలండ్‌ది. విన్సెంట్ వాన్ గో పేరు మీరు విని ఉంటారు. మిలేని గురువులా భావించి, ఆయన గీసిన విత్తనాలు చల్లే రైతు బొమ్మను మళ్ళీ మళ్ళీ గీసినవాడు. 1885లో న్యూనెన్ అనే పల్లెలో ఉండగా, ఒక చలికాలమంతా రైతుల తలలు, చేతులు గీసి చెయ్యి సాధన చేసుకున్నాడు. ఆ తర్వాత దీపం కింద ఐదుగురు కూర్చుని ఆలుగడ్డలు తినే బొమ్మ వేశాడు. కణుపులు తేలిన వేళ్ళు, ఎముకలు తేలిన ముఖాలు, మట్టి అంటిన ఆలుగడ్డ రంగు. సాటి చిత్రకారుడైన స్నేహితుడే తప్పులు పట్టాడు. వాన్ గో మాత్రం తమ్ముడు థియోకి ఉత్తరం రాస్తూ, ఏ చేతులతో భూమి తవ్వారో ఆ చేతులే ఇప్పుడు పళ్ళెంలోకి వెళ్తున్నాయని, వాళ్ళు తిండిని నిజాయితీగా సంపాదించుకున్నారన్నదే తను చెప్పదలచుకున్నదని వివరించాడు. 1890లో, 37 ఏళ్ళకే ఆయన పోయాడు. ఈనాడు ఆ బొమ్మ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది.

ఇక అసలు సంగతి. మిలేదే మరో బొమ్మ, పేరు ఆంజెలస్. ఆలుగడ్డల చేలో పొద్దుగూకే వేళ చర్చి గంట వినిపిస్తే, ఆలుమగలు పని ఆపి తలవంచి ప్రార్థన చేస్తుంటారు. పక్కన గంప, బండి, నేలలో గుచ్చిన పంగలకర్ర. అడిగి గీయించుకున్న అమెరికా ఆసామి తీసుకోవడానికి రాలేదు. 1860లో అది సుమారు వెయ్యి ఫ్రాంకులకు పోయింది. 1875లో మిలే చనిపోయాడు. 1889లో పారిస్ వేలంలో అదే బొమ్మ 5,53,000 ఫ్రాంకులు పలికింది. మరుసటి ఏడు ఇంకా పైధరకు చేతులు మారింది. ఆ పెరిగిన ధరలో గీసినవాడి కుటుంబానికి చట్టప్రకారం ఒక్క కాసు రాదు.

ఈ అన్యాయం మీద ఫ్రాన్సులో ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. ఆంజెలస్‌నే ఉదాహరణగా చూపించేవారు. చివరికి 1920లో చట్టం వచ్చింది: బొమ్మ మళ్ళీ వేలానికి వస్తే గీసినవాడికో, వారసులకో వాటా ఇవ్వాలి. మన దేశపు కాపీరైట్ చట్టంలో కూడా 53ఎ సెక్షన్ ఇలాంటి వాటానే గుర్తిస్తుంది.

మరి మిర్చి పండించినవాడికి? బొమ్మ ఎన్ని చేతులు మారినా గీసినవాడి పేరు దానితోనే పోతుంది. మన బస్తా యార్డు గేటు దాటితే ఎవరి చేనుదో చెప్పేవాడుండడు. తర్వాత వచ్చే లాభంలో వాటా అడగడానికి మనకు ఆధారం మిగలదు. అందుకే మన వాటా మొదటి అమ్మకంలోనే చేతికి రావాలి. ఉత్పత్తి ఖర్చు మీద కనీసం సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ చెప్పింది అందుకే. దానికి చట్టబద్ధత కావాలని మనం అడిగేదీ అందుకే.

ఒక పని చేయండి. ఈ పంటకు విత్తనం, ఎరువు, కూలి, కౌలు ఎంతయిందో, ఇంట్లోవాళ్ళ పని ఎన్ని రోజులో రాయండి. అమ్మిన ధర రాయండి. అదే సరుకు పట్నంలో కొట్టు ధర అడిగి పక్కనే రాయండి. ఆ కాగితం పట్టుకుని వచ్చే నెల సమావేశానికి రండి. ఆ లెక్కలన్నీ ఒకచోట చేర్చి అధికారుల ముందు పెడదాం.