ఏడు హాలీలు, ఆరు కల్దార్లు: బొగ్గుగనుల సీమలో మారకపు లెక్క

(గోదావరిఖనిలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఇవాళ కలుసుకున్నామో ఆ పెద్దాయన ఉద్యోగమంతా గని ఆఫీసులో జీతాల లెక్కలు రాశారు. అందుకే నేనూ లెక్కల సంగతే ఎంచుకున్నాను. ఒకప్పుడు మన ప్రాంతంలో రెండు రూపాయలు నడిచేవి. ఒకటి నిజాం సర్కారు హాలీ సిక్కా, రెండోది ఇంగ్లీషు సర్కారు కల్దారు. వాటి మారకం గురించి మాట్లాడి, అక్కణ్నుంచి గల్ఫ్ జీతాల దాకా వస్తాను. చెప్పదలచింది మాత్రం ఒక్కటే. రేటు ఎంత అని అందరూ అడుగుతారు. బాకీ ఏ నాణెంలో రాసుకున్నారని అడిగేవాళ్లు తక్కువ. లాభనష్టాలు తేలేది అక్కడే.

వెండి తూకం

ముందు నాణేలు చూద్దాం. చార్మినారు బొమ్మ ఉన్న హాలీ రూపాయి 11.18 గ్రాములు. అందులో నూటికి 81.8 పాళ్లు వెండి, అంటే 9.14 గ్రాములు. కల్దారు 11.66 గ్రాములు. నూటికి 91.7 పాళ్లు వెండి, అంటే 10.69 గ్రాములు. ఏడు హాలీల్లోని వెండి తూస్తే దాదాపు 64 గ్రాములు వస్తుంది. ఆరు కల్దార్లలోదీ అంతే. కాబట్టి ఏడుకు ఆరు అన్న రేటు ఎవరో గాల్లోంచి పట్టుకొచ్చింది కాదు. ఖాతా పుస్తకాల్లో దాన్నే నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ అని రాసేవారు.

యెల్లందు గనుల్లో ఒక మనిషి నెలకు 35 హాలీలు తెచ్చుకున్నాడనుకోండి. బెజవాడ అవతల ఉన్న ఇంటికి పంపితే అవి 30 కల్దార్లు. మార్చిపెట్టే సరాఫు వట్టం పట్టుకుంటే ఇంకాస్త తక్కువ. ఇక్కడే కొని ఇక్కడే తినేవాడికి ఆ తేడాతో పనిలేదు. సరిహద్దు దాటాల్సిన రూపాయికే అది తగిలేది.

రేటు కదిలిన కాలం

అయితే ఆ తూకం ఎప్పుడూ నిలకడగా లేదు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం, వెండి తెచ్చిన వాళ్లందరికీ రూపాయలు కొట్టిచ్చే పద్ధతి మానేసింది. దాంతో కల్దారు విలువకూ వెండి ధరకూ ముడి తెగింది. వెండి పడిపోతున్నా కల్దారు మొదట కాస్త తగ్గి తర్వాత నిలదొక్కుకుంది, 1898-99 నాటికి పౌనుకు 15 రూపాయల దగ్గర కుదురుకుంది. వెండినే నమ్ముకున్న హాలీ దాని ముందు చిన్నబోయింది. నాణేల తయారీని నిజాం ప్రభుత్వం తన అదుపులోకి తెచ్చుకున్నాకే పాత నిష్పత్తి మళ్లీ గట్టిపడింది. 1918లో కాగితం నోట్లు, 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు వచ్చి దానికి అండగా నిలిచాయి.

ఈ కుదుపుల్లో సర్కారుకు పెద్ద భారం తెచ్చింది రైలు. యెల్లందు బొగ్గును బయటి ప్రపంచానికి చేర్చిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ 1883లో లండన్‌లో పుట్టింది. దాని పెట్టుబడి పౌన్లలో. దాని మీద 20 ఏళ్లపాటు 5 శాతం ఇస్తామని నిజాం సర్కారు హామీ పడింది. సర్కారు రాబడి మాత్రం రైతు కట్టే శిస్తు, అదీ హాలీలో. 1883 ప్రాంతంలో కల్దారు విలువ దాదాపు 19.5 పెన్నీలు. లండన్‌లో వెయ్యి పౌన్లు కట్టాలంటే సుమారు 12,300 కల్దార్లు సరిపోయేవి. 1894-95లో రూపాయి 13.1 పెన్నీలకు దిగింది. అవే వెయ్యి పౌన్లకు సుమారు 18,300 కల్దార్లు కావాలి. అప్పు పైసా పెరగలేదు. కట్టేవాడి మీద బరువు సగానికి సగం పెరిగింది.

హాలీ పోయాక

హైదరాబాదు భారతదేశంలో కలిశాక, 1950 నుంచి ఇండియా రూపాయి కూడా ఇక్కడ చెల్లింది. రేటు అదే, ఏడుకు ఆరు. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. గోదావరిఖనిలో గనులు తెరుచుకున్నది 1960ల ఆరంభంలో కాబట్టి ఈ ఊళ్లో హాలీ జీతం అందుకున్నవాళ్లు లేరు. యెల్లందు, బెల్లంపల్లి గనుల నుంచి బదిలీ మీద వచ్చిన పాతవాళ్లకే ఆ లెక్క నోటికి వచ్చేది.

హాలీ పోయినంత మాత్రాన మారకం బెడద పోలేదు. 1966 జూన్ 6న డాలరు రేటు 4.76 రూపాయల నుంచి 7.50కి మారింది. రిజర్వు బ్యాంకు 1959 నుంచి గల్ఫ్ దేశాల కోసం విడిగా అచ్చువేసిన రూపాయి నోట్లను ఖతారు, దుబాయి అప్పుడే వదిలేసుకున్నాయి. ఒకనాడు మన రూపాయి నడిచిన ఆ దేశాలకే తర్వాతి కాలంలో కరీంనగర్, జగిత్యాల పల్లెల నుంచి మనవాళ్లు బతుకుతెరువుకు వెళ్లారు.

మన పక్కనే ఉన్న రామగుండం ఎన్‌టీపీసీని తీసుకోండి. దాని నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు అప్పు తోడయింది. 1980లో డాలరు 8 రూపాయలకు అటూఇటూ ఉండేది, 1993 నాటికి 30 దాటింది. అప్పు డాలర్లలో, కరెంటు బిల్లు వసూలు రూపాయల్లో. నూరేళ్ల కిందటి రైలు లెక్కే మళ్లీ వచ్చింది. ఆ తేడా ఎవరి ఖాతాలో పడాలో తేల్చేది ఒప్పందంలోని ఒక్క వాక్యం.

గల్ఫ్‌కు వెళ్లినవాడి లెక్క దీనికి ఎదురు నడుస్తుంది. దుబాయి దిర్హాము 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. డాలరు 45 రూపాయలున్నప్పుడు వెయ్యి దిర్హాములు ఇంటికి సుమారు 12,250 రూపాయలయ్యేవి, 80 ఉన్నప్పుడు 21,800 దాకా అయ్యాయి. అక్కడ జీతం ఒక్క దిర్హాము పెరగకపోయినా ఇక్కడ పెరిగినట్టే కనిపిస్తుంది. ఊళ్లో ధరలు పెరిగితే ఆ పెరుగుదలలో ఎంత మిగిలిందో ఇంటి ఖర్చులు రాసుకునే ఇల్లాలికే తెలుస్తుంది.

రూపాయి పడిందంటే దేశం పరువు పోయినట్టు, లేచిందంటే గెలిచినట్టు మాట్లాడటం మనకు అలవాటు. రేటు ఒకటే అయినా అది రైల్వే హామీలో ఒకలా, గల్ఫ్ జీతంలో ఇంకోలా పనిచేసింది. బాకీ పరాయి నాణెంలో ఉన్నవాడు నష్టపోయాడు, రాబడి పరాయి నాణెంలో ఉన్నవాడికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చాయి. కాబట్టి మన పిల్లలు గల్ఫ్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, మన సంస్థలు విదేశీ అప్పు తెచ్చేటప్పుడు, జీతం ఎంత, వడ్డీ ఎంత అన్న దగ్గర ఆగవద్దు. ఏ నాణెంలో, రేటు మారితే ఎవరి మీద అని కూడా అడగాలి. ఆ జవాబు కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టాలి.