మన ఊరి రాత్రులు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడవలసిన వారు నా తరువాత ఉన్నారు. కనుక ఈ కాసేపూ మిమ్మల్ని రాజమండ్రి బజారులో తిప్పుతాను. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరమని మార్చినా, నోటికి అలవాటైన పేరుతోనే పిలుస్తాను, మన్నించండి.

దసరా వచ్చిందంటే దేవీచౌక్‌లో నాటకాలు. టిక్కెట్టు లేదు. సాయంత్రం ఆరింటికే చాపలు, గోనెసంచులు పరిచి జాగా పట్టుకునేవారు. 1974లో రోడ్డు-రైలు వంతెన రాకముందు కొవ్వూరు వాళ్ళు రైలుకో, లాంచీకో వచ్చి, నాటకం చూసి తెల్లవారాక వెళ్ళేవారు. తెర లేచేసరికి పది దాటేది. 'సత్య హరిశ్చంద్ర' బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదైనా, కాటిసీనులో జాషువా గారి శ్మశాన పద్యాలు పాడకపోతే జనం ఊరుకునేవారు కాదు. అవి ఆ నాటకం కోసం రాసినవి కావు. నటులు తెచ్చి కలిపారు, జనం ఉంచుకున్నారు. తిరుపతి వేంకట కవుల కురుక్షేత్రం సంగతి మరీ విచిత్రం. ఒకే రాత్రి ఇద్దరు, ముగ్గురు కృష్ణులు! పడక సీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు. షణ్ముఖి ఆంజనేయ రాజు గారు, పీసపాటి నరసింహమూర్తి గారు, బండారు రామారావు గారు, డి.వి. సుబ్బారావు గారు... ఈ పేర్లు కరపత్రం మీద కనబడితే పక్క ఊరి బళ్ళు కూడా కదిలేవి. రాగం తీస్తూంటే వన్స్ మోర్లు. రిక్షా తొక్కే మనిషి కూడా, ఆ పద్యంలో ఫలానా పాదం మింగేశాడండీ అని తప్పు పట్టగలిగేవాడు. ఆ చదువు ఏ బడిలో చెప్పారు?

ఇక తిండి. నాటకం చుట్టూ ఒక అర్ధచంద్రాకారంలో బళ్ళు. ఒకడు మిరపకాయ బజ్జీ వేస్తున్నాడంటే ఆ ఘాటుకు ముందు వరుసలో చంద్రమతి కూడా దగ్గేది. పునుగులు, అల్లం పచ్చడితో పెసరట్టు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, చలికాలమైతే తేగలు. మరమరాల్లో ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి పొట్లం కట్టిచ్చేవాడు. ఆ పొట్లం కాగితం ఒక్కోసారి మా ఆఫీసు పాత ఫారమే అయ్యుండేది! దాహానికి గోలీ సోడా, లేదా మన రామచంద్రపురం ఆర్టోస్. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ మాత్రం జీతాల రోజున. ఆ కొట్టు దగ్గర ఇప్పటికీ జనమే. మా మనవడు హైదరాబాదు నుంచి దిగగానే ముందు అక్కడికే పోతాడు, తరువాతే ఇంటికి.

పల్లెల్లో తీర్థాలు వేరే లోకం. సుబ్రహ్మణ్య షష్ఠికి జీళ్ళు, ఖర్జూరం కొనకుండా ఇంటికొస్తే పిల్లలు మాట్లాడేవారు కాదు. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభలు, జాతరల్లో నెత్తిన గరగలు పెట్టుకుని నాట్యం, ద్రాక్షారామం వైపు వీరనాట్యం, కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలు. ఇవన్నీ చెప్పుకుంటూ పోతే అధ్యక్షుల వారు గంట కొడతారు.

ఈ రాత్రులు ఎందుకు తగ్గాయంటే అందరూ టీవీ అంటారు. టీవీ ఒక్కటే కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు మోగకూడదు. 2002లో ఒక సవరణ వచ్చింది: పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా అనుమతించవచ్చు. 2005లో సుప్రీంకోర్టు అది సరైనదేనంది. రోగులు, చదువుకునే పిల్లలు ఉన్నారు కాబట్టి నిబంధన మంచిదే, నేను కాదనను. కాని పదింటికి మైకు కట్టేస్తే హరిశ్చంద్రుడికి రాజ్యం పోయేసరికే నాటకం అయిపోతుంది. కాటికి చేరేది ఎప్పుడు? అందుకే ఇప్పుడు సీన్లు ముక్కలు చేసి ఆడుతున్నారు. పన్నెండు దాకా మన బజ్జీల బండి నిలబడేది, నాటకం ముందే ముగిస్తే దాని బేరమూ ముందే ముగిసింది.

2022 జనవరిలో 'చింతామణి' ప్రదర్శనను ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్రను నటులు ఏళ్ళ తరబడి పెంచి, కాళ్ళకూరి నారాయణరావు గారు రాయని మోటు హాస్యం కలిపిన మాట నిజం. ఆ కులం వారు నొచ్చుకున్నారంటే అందులో న్యాయముంది. అయితే ఆ ఒక్క నాటకం మీదే బతికిన హార్మోనిస్టు, మేకప్ మనిషి ఏం చేయాలి? దానికి జవాబు ఏ ఉత్తర్వులోనూ నాకు కనబడలేదు.

ఇక్కడే మనకు పని ఉంది. డప్పు కళాకారులకు 2024 జులై నుంచి రాష్ట్రంలో నెలకు 4,000 రూపాయల పింఛను. 60 ఏళ్ళు దాటి ఆదాయం తక్కువగా ఉన్న కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ వారి సహాయం నెలకు 6,000 దాకా ఉంది. కాని దరఖాస్తు నింపాలి, ఇన్నేళ్ళు ఆడానని ఆధారం చూపాలి. జీవితమంతా రాజు వేషం కట్టిన మనిషి దగ్గర కాగితం ముక్క ఉండదు. కాగితాలు దాచే జబ్బు మనది! నా ట్రంకు పెట్టెలో పాత నాటకాల కరపత్రాలు అరవైకి పైగా ఉన్నాయి. తేదీ, ఊరు, పాత్ర, నటుడి పేరు అన్నీ అచ్చులో ఉంటాయి. ఇంతకన్నా ఆధారం ఏం కావాలి?

మీ ఇళ్ళల్లో అటక మీద వెతకండి. మీ పేటలో పాత నటులు, వాయిద్యకారులు ఉంటే పేరు, వయసు నాకు చెప్పండి. దరఖాస్తు నేను రాస్తాను, చేతిరాత ఇంకా ఫరవాలేదు. కరపత్రాలు తెచ్చేవారు దయచేసి వాటికి గుండుసూది గుచ్చకండి, స్టేపిల్ కొట్టకండి. పాత కాగితం, చిరిగిపోతుంది. సెలవు.