పసివయసులో హత్య: శిక్ష ఎంత? బాధ్యత ఎవరిది?

(కణేకల్లులో తల్లిదండ్రులు, యువజన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హత్య చేసిన బాలునికి దీర్ఘకాల జైలుశిక్ష విధించాలా, వద్దా అన్న అంశంపై మాట్లాడమని నన్ను కోరారు. నేను న్యాయవాదిని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. జనన ధ్రువపత్రాలు, రిజిస్టర్లు, అర్జీలు – నా సర్వీసంతా వీటి మధ్యనే గడిచింది. ఈ అంశంలో ఆ కాగితాలకున్న విలువ ఎంతటిదో నా మాటల్లోనే ముందుముందు తెలుస్తుంది.

మొదట చనిపోయిన పిల్లలను తలచుకోవాలి. 2024 జూలైలో నంద్యాల జిల్లా పగిడ్యాల మండలం ముచ్చుమర్రిలో పదేళ్ళయినా నిండని ఒక బాలిక అదృశ్యమైంది. ఆమెపై అత్యాచారం చేసి, చంపి, నీటిలో పడవేశారన్న అభియోగంపై పోలీసులు అదుపులోకి తీసుకొన్నది ఆరు, ఏడు తరగతులు చదివే ముగ్గురు బాలురను. రోజుల తరబడి గాలించినా ఆ తల్లిదండ్రులకు బిడ్డ దేహమైనా దక్కలేదు. 2025 ఆగస్టులో హైదరాబాదు కూకట్‌పల్లిలో పదేళ్ళ బాలిక తన ఇంట్లోనే కత్తిపోట్లకు బలైంది. పట్టుబడినవాడు పొరుగున ఉండే పదో తరగతి విద్యార్థి. క్రికెట్ బ్యాటు దొంగిలించడానికి ఇంట్లో దూరాడనీ, ఏం చేయాలో ముందే కాగితంపై రాసుకొన్నాడనీ పోలీసులు తెలిపారు.

ఈ రెండు ఘటనల్లోనూ నిందితులకు పదహారేళ్ళు నిండలేదు. కనుక నేరం రుజువైనా చట్టం ప్రకారం గరిష్ఠంగా మూడేళ్ళు ప్రత్యేక గృహంలో ఉంచవచ్చును. ఈ మాట విన్నప్పుడు బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి, తన బిడ్డ ప్రాణానికి మూడేళ్ళ విలువేనా అనిపిస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. దాన్ని పక్కకు నెట్టి మానవహక్కుల గురించి మాట్లాడేవారి మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఒక్క ప్రాణం తీయడం సమస్త మానవాళి ప్రాణం తీయడంతో సమానమని బోధించిన ధర్మం మనది. కాబట్టి నేరాన్ని చిన్నదిగా చూపించే ప్రయత్నం నేను చేయను.

అయితే శిక్ష నేరాన్ని మాత్రమే చూచి నిర్ణయించేది కాదు. నేరం చేసినవాని బుద్ధిని, ఉద్దేశాన్ని కూడా చూస్తుంది. ఇది పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకొన్న ఆలోచన అని మనలో కొందరు అనుకొంటారు. అది సరికాదు. నిద్రలో ఉన్నవాడు మేలుకొనే వరకు, పిల్లవాడు యుక్తవయస్కుడయ్యే వరకు, మతిలేనివాడు కోలుకొనే వరకు వారి కర్మలను లిఖించే కలం ఎత్తివేయబడి ఉంటుందన్న భావం గల హదీసు మనలో చాలామందికి తెలుసు. ఆ పునాదిపైనే హనఫీ ఫకీహులు, యుక్తవయస్సు రాని పిల్లవాడు కావాలని చంపినా దాన్ని పొరపాటు హత్యగానే పరిగణించాలన్నారు. అతనికి ఖిసాస్, అంటే ప్రాణానికి ప్రాణం, వర్తించదు. కానీ చనిపోయినవారి కుటుంబానికి దియత్ చెల్లించాలి; ఆ బాధ్యత పిల్లవాని బంధువర్గంపై పడుతుంది. యుక్తవయస్సు గుర్తులు కనిపించకపోతే ఎన్నేళ్ళకు పెద్దవానిగా లెక్కించాలన్న చర్చలో ఇమామ్ అబూ హనీఫా మగపిల్లలకు పద్దెనిమిదేళ్ళని చెప్పారు; ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ పదిహేనేళ్ళన్నారు. పిల్లవాణ్ణి పెద్దవానిలా శిక్షించకూడదు, మృతుని కుటుంబాన్ని వట్టి చేతులతో పంపకూడదు. ఈ రెండు మాటలూ అందులో కలిసే ఉన్నాయి. మనం సాధారణంగా ఏదో ఒకటే వింటాం.

ఇప్పుడు మన దేశ చట్టానికి వద్దాం. ఏడేళ్ళలోపు పిల్లలు చేసినది నేరమే కాదని భారతీయ న్యాయ సంహిత చెబుతోంది. ఏడు నుంచి పన్నెండేళ్ళ మధ్య వారికి తమ పని పర్యవసానం తెలిసే పరిపక్వత ఉందా లేదా చూడాలంటోంది. ఆపై పద్దెనిమిదేళ్ళ వరకు బాల నేరస్థుల న్యాయ చట్టం వర్తిస్తుంది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరంలో ఒకడు మైనరు. మూడేళ్ళు పూర్తికాగానే 2015 డిసెంబరులో విడుదలయ్యాడు. దేశమంతా ఆగ్రహించింది. అదే నెలలో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. 2016 జనవరి 15 నుంచి అది అమల్లోకి వచ్చింది.

దాని ప్రకారం కనీస శిక్ష ఏడేళ్ళు లేదా అంతకు మించి ఉన్న ఘోర నేరాన్ని పదహారు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య వయసువాడు చేస్తే, బాల న్యాయ మండలి ముందుగా అతని మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పరిణామాలు గ్రహించే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను అంచనా వేస్తుంది. అవసరమనుకొంటే పెద్దవానిలా విచారించడానికి పిల్లల కోర్టుకు పంపుతుంది. అక్కడ దీర్ఘశిక్ష పడవచ్చును. అయినా ఉరిశిక్ష గానీ, విడుదలకు అవకాశమే లేని యావజ్జీవం గానీ విధించరాదు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండే వరకు అతణ్ణి సురక్షిత స్థలంలో ఉంచాలి. అప్పుడు మారాడో లేదో కోర్టు పరిశీలించి, విడుదల చేయాలో, జైలుకు పంపాలో నిర్ణయిస్తుంది.

చట్టం పుస్తకంలో బాగానే ఉంది. చిక్కంతా ఆ తొలి అంచనాలో ఉంది. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు గల మండలి, కొద్దిసేపు మాట్లాడి ఒక పిల్లవాని మనసును కొలవగలదా? 2017లో గురుగ్రామ్ పాఠశాలలో జరిగిన బాలుని హత్య కేసులో సుప్రీంకోర్టు 2022 జూలైలో ఈ సంగతే చెప్పింది. ఇది సున్నితమైన పని అనీ, మండలిలో మనస్తత్వశాస్త్రం చదివినవారు లేకపోతే నిపుణుల సహాయం తీసుకొని తీరాలనీ స్పష్టం చేసింది.

దీర్ఘశిక్ష కోరేవారి వాదన ఒకటి బలమైనది. కాగితంపై పథకం రాసుకొన్నవాడు పసివాడెలా అవుతాడు? తెలివి ఉంది కదా? ఉంది. ఆ వయసు పిల్లలకు లెక్కలు చేసే తెలివి, పథకం వేసే తెలివి ఉంటాయి. రానిది నిగ్రహం. భయం, కోపం, దొరికిపోతానన్న కంగారు ముంచుకొచ్చినప్పుడు తన్ను తాను ఆపుకొనే శక్తి ఇరవై ఏళ్ళు దాటాక గాని పూర్తిగా స్థిరపడదని మెదడును పరిశోధించినవారు చెబుతారు. పథకం ఉన్నంత మాత్రాన పరిపక్వత ఉన్నట్లు కాదు. ఇదే కారణం చూపి అమెరికా సుప్రీంకోర్టు 2005లో మైనర్లకు మరణశిక్షను రద్దు చేసింది. 2012లో మైనర్లకు పెరోలు లేని యావజ్జీవాన్ని తప్పనిసరి శిక్షగా విధించరాదన్నది. 1992లో మన దేశం అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక కూడా, పిల్లల నిర్బంధం చివరి మార్గంగా, సాధ్యమైనంత తక్కువ కాలమే ఉండాలంటుంది.

రెండో వాదన భయానికి సంబంధించినది. బయటికొచ్చి మళ్ళీ చంపితే? 1993లో ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర పదేళ్ళ బాలురు ఇద్దరు రెండేళ్ళ పసివాణ్ణి చంపారు. ఎనిమిదేళ్ళ తరువాత 2001లో కొత్త పేర్లతో ఇద్దరినీ విడుదల చేశారు. ఒకడు మళ్ళీ వేరే నేరాలు చేసి జైలుకు తిరిగివెళ్ళాడు. రెండవవాడు తిరిగి నేరం చేసినట్లు వెల్లడి కాలేదు. ఇద్దరిదీ ఒకే నేరం, ఒకే వయసు. తీర్పు చెప్పేనాడు ఎవడు మారతాడో ఎవరు చెప్పగలరు? అందుచేత నా అభిప్రాయం ఇది: పిల్లవానికి ముందుగానే ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు అని అంకె రాసిపెట్టడం తప్పు. ఏమీ నేర్పకుండా మూడేళ్ళు గోడల మధ్య కూర్చోబెట్టి వదిలేయడమూ తప్పే. చదువు, పని, మానసిక చికిత్స, నిర్ణీత కాలానికొకసారి నిజమైన పరిశీలన, విడుదల తరువాత కూడా కొంతకాలం పర్యవేక్షణ ఉండాలి. పెద్ద ఖైదీల మధ్య పెరిగిన పిల్లవాడు ఏం నేర్చుకొని వస్తాడో మనకు చెప్పనవసరం లేదు.

ఇక మన సముదాయానికి సంబంధించిన మాట. ఇలాంటి ఘటనల్లో పిల్లవాని పేరు మనది కాకపోతే ఉరి తీయాలని మన వీధిలోనే వింటాం. పేరు మనదైతే పసివాడు అంటాం. అవతలివారూ అదే చేస్తారు; ఒక్క పిల్లవాని తప్పును మొత్తం సముదాయం నెత్తిన వేస్తారు. పిల్లవాని పేరు, ఫొటో బయటపెట్టరాదని చట్టం నిషేధించింది. ఆ నియమాన్ని ఎవరి పిల్లవానికైనా ఒకేలా పాటించమని అడిగే నైతిక హక్కు మనకు ఉండాలంటే, మన ఫోన్లలో అలాంటి ఫొటోలు తిరగకూడదు.

ఇప్పుడు కాగితాల సంగతి. పదహారా, పదిహేనా? పద్దెనిమిదా, పదిహేడున్నరా? నేరం జరిగిన రోజున ఉన్న వయసే లెక్క. దానికి చట్టం చూచే వరుస ఇది: ముందుగా పాఠశాల ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్టు, అవి లేకుంటే పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు పుట్టినతేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది.

మన ఊళ్ళలో ఏం జరుగుతోంది? వాన లేక, సేద్యం గిట్టక తల్లిదండ్రులు బెంగళూరు కూలికో, బళ్ళారి, రాయదుర్గం జీన్సు కుట్టుపనికో పోతారు. పిల్లవాణ్ణి నానీ బడికి తీసుకువెళుతుంది. తేదీ తెలియదు. జూన్ ఒకటి అని రాయిస్తారు. త్వరగా చేర్చుకోవాలని ఒక ఏడాది పెంచి రాయించేవారూ ఉన్నారు. అర్జీదారుల చేతుల్లో అలాంటి తేదీలు నేను లెక్కలేనన్ని చూచాను. ఆ ఒక్క ఏడాది ఒకనాడు పిల్లవాణ్ణి బాలల గృహం నుంచి పెద్దల జైలుకు చేర్చగలదు. 1994లో పుణెలో ఏడుగురి హత్య కేసులో మరణశిక్ష పడిన రాజస్థాన్ వ్యక్తి ఒకరు, నేరం నాటికి తనకు పన్నెండేళ్ళ ఆరు నెలలేనని బడి రికార్డు ద్వారా తేలడంతో 2023 మార్చిలో విడుదలయ్యారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు జైలులో గడిచాయి. మైనరునన్న అభ్యర్థన తుది తీర్పు తరువాత కూడా చేయవచ్చును కాబట్టే ఆయన బయటపడ్డారు.

కనుక నా విన్నపాలు కొన్ని. బిడ్డ పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లో జననం నమోదు చేయించండి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు అధికారం గల రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. తిరగాల్సి వస్తుంది, అయినా తిరగండి. బడిలో అదే తేదీ రాయించండి. పిల్లవాణ్ణి పోలీసులు తీసుకువెళితే లాకప్పులో ఉంచరాదనీ, ఇరవై నాలుగు గంటల్లో బాల న్యాయ మండలి ముందు హాజరుపరచాలనీ మర్యాదగా గుర్తుచేయండి. 1098కు ఫోను చేయండి. ఉచిత న్యాయవాది కోసం 15100కు చేయండి. అబద్ధపు వయసు కాగితం మాత్రం సృష్టించవద్దు. అది పాపం, నేరం కూడా; నిజంగా మైనరైన పిల్లవాని మాట కూడా దానివల్ల నమ్మరాదన్నంత దూరం పోతుంది.

బడి మానినవారిని వెతకండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి ఇరవై ఐదుగురు బడికి వెళ్ళనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. తల్లిదండ్రులు వలసపోయిన ఇళ్ళలో పిల్లవాడు రాత్రి ఫోనులో ఏం చూస్తున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో అడిగే పెద్ద దిక్కుగా మసీదు కమిటీ ఒకరిద్దరిని నియమించగలదు.

చివరిగా, ఏ ఊళ్ళోనైనా అలాంటి ఘోరం జరిగితే, నిందితుడు ఎవరి బిడ్డ అయినా, మొదట బాధిత కుటుంబం ఇంటికి వెళ్ళండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వారికి నష్టపరిహారం కోరే హక్కు ఉంది, దరఖాస్తు రాసిపెట్టండి. దియత్ వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే: చంపినది ఒకడైనా, ఆ కుటుంబపు భారం మోయాల్సింది అందరూ. ఆ పని చేసినవారికే, నేరం చేసిన పిల్లవానికి మరో అవకాశం ఇవ్వండని అడిగే అర్హత ఉంటుంది.

మన పిల్లలను, అందరి పిల్లలను హంతకులు కాకుండానూ, హతులు కాకుండానూ అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.