రేనాటి వీరుని పాట



యుద్ధము చేసినవాని జ్ఞాపకము లోకమున రెండు విధములుగా నిలుచును. ఒకటి కచేరీ దస్త్రము. రెండవది జనుల పాట. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయమున ఈ రెండును మిగిలియున్నవి.

దస్త్రము చెప్పునది యిది. 1800లో నైజాము ఈ సీమను కుంపిణీ వారికి దత్తము చేసెను. పాళెగాండ్ర అధికారము పోయి భరణము మిగిలెను. నొస్సం పాళెగారైన జయరామిరెడ్డి దౌహిత్రుడగు నరసింహారెడ్డికి నెలకు వచ్చినది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఊళ్లకు కాపలా కాయు కట్టుబడి బంట్లకు కూలి లేదు, మాన్యమే జీవనము. ఆ మాన్యములను కుంపిణీ వారు తీసికొనసాగినంతనే, కడుపుమండిన బంట్లు ఆయన చుట్టు చేరిరి. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగెను. గిద్దలూరు వద్ద పోరు నడిచెను. అక్టోబరు 6వ తేదీన పేరుసోమల కొండలయందు రెడ్డి పట్టువడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో జనసమూహము చూచుచుండగా ఉరితీసిరి.

అంతటితో కుంపిణీ వారికి తృప్తి కలుగలేదు. ఆ శిరస్సును కోట గుమ్మమునకు వ్రేలాడదీసి 1877 దాక ఉంచిరి. చూచినవాడు భయపడవలెనని వారి తలంపు. భయము పుట్టియుండవచ్చును, కాని దానితోపాటు పాటయు పుట్టెను. తలను కాపలా కాయుటకు సిపాయిలుండిరి గాని, నోటిని కాపలా కాయుట యెవరి తరము? గ్రామములయందు ఆ పాట వ్యాపించెను. దస్త్రము తిరుగుబాటుదారుడని వ్రాసినవానిని పాట వీరుడని పిలిచెను.

పలనాటి పోరును పాడినవారు మొదట గాయకులే. శ్రీనాథుడు దానిని ద్విపదలో పెట్టుటచేత అది కావ్యమై నిలిచెను. రేనాటికి శ్రీనాథుడు దొరకలేదు. ఆ కొరతను కొంత తీర్చినవారు తంగిరాల వెంకటసుబ్బారావుగారు. వారు వీరగాథలను సేకరించి పరిశోధించి, నరసింహారెడ్డిని, కరవులో అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని ‘రేనాటి సూర్యచంద్రులు’ అను పేర లోకమునకు చూపిరి. 2019లో వచ్చిన చలనచిత్రము సైతము తన పేరును ఈ పాట పల్లవినుండియే తీసికొనెను.

పాటలో అతిశయోక్తి యుండదా యని విజ్ఞులు ప్రశ్నింపవచ్చును. ఉండును. తేదీలకు, లెక్కలకు దస్త్రమే ప్రమాణము. కాని మాన్యము పోయిన బంటు ఇంట ఆ రాత్రి పొయ్యి వెలిగినదో లేదో దస్త్రములో వెదకిన కానరాదు. ఏ లెక్కను ఎవరు వ్రాసిరి, ఎవరి కొఱకు వ్రాసిరి అను విచారణ లేనిచో దస్త్రమును అర్ధసత్యమే యగును. రెండును ఎదురెదురుగా పెట్టి చదువుటయే వివేకము.

తెరపై వినిపించు పాట ఒక్కటే. పల్లెలలో పాఠములు పెక్కు. ఒక ఊరి చరణము మరియొక ఊర నుండదు. వానిని ఎరిగిన ముసలివారు ఏటేట తగ్గుచున్నారు. కావున గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ వేళ ఒక కర్తవ్యము కలదు. ఒక ఖాళీ పుస్తకమును బల్లపై నుంచవలెను. చదువు వచ్చిన పిల్లలు తమ అవ్వతాతలను అడిగి, పాడినవారి పేరు, ఊరు, తేదీతో సహా, ఒక్క మాటయు దిద్దక, విన్నది విన్నట్లు అందులో వ్రాయవలెను.

చదువురాని వారు నూటడెబ్బది యేండ్లకు పైగా నోటితో మోసిన బరువది. చదువు వచ్చినవారు ఒక బీరువాలో దానికి చోటీయలేరా?