పాటపెట్టె కొనుటకు ముందు, పారవేయుటకు ముందు

(సూళగిరిలో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రేడియో, టేపురికార్డరు, స్పీకరు మున్నగు వానిని ఎట్లు ఎంచుకొనవలయునో, చెడినచో ఏమి చేయవలయునో చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చుండినవారము. ఇరువది యేండ్లకు పైగా విద్యుత్సామగ్రి అమ్ముచున్నాము. క్రొత్తది అమ్ముటయే వ్యాపారికి లాభము. ఐనను ఈ సభలో మేము వ్యాపారులముగా గాక మీ యింటివారముగానే మాటలాడెదము.

మన యిండ్లలో తెలుగు కంటికంటె చెవికే ఎక్కువగా అందినది. మద్రాసు రేడియో కేంద్రము 1938 జూన్ 16న ప్రారంభమైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. పగలు వినరాని దూరపు కేంద్రములు రాత్రివేళ వినబడుచుండెడివి. సూర్యరశ్మివలన ఆకాశమున ఏర్పడు ఒక పొర పగటివేళ మీడియం వేవు తరంగములను పీల్చివేయును. రాత్రి ఆ పొర సడలగా, దానికి పైనున్న మరియొక పొర ఆ తరంగములను వంచి దూరదేశములకు పంపును. ఇందు మాయ లేదు. కాని మన పెద్దలకు అది రాత్రివేళ వచ్చు చుట్టము వంటిది.

ఇప్పటి మాట వేరు. 2006వ సంవత్సరపు చట్టమువలన మన రాష్ట్రమున ఒకటవ తరగతి మొదలు తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. బడిలో తెలుగు తరిగినకొలది ఇంటిలో వినబడు తెలుగునకు విలువ హెచ్చినది. కావున పాటపెట్టె మనకు కేవలము వినోదవస్తువు కాదు.

ముందుగా మరమ్మతు సంగతి. మా అంగడికి వచ్చు "చెడిన" పెట్టెలలో ఎన్నియో చెడినవి కావు. ప్లగ్గు, తీగ, స్పీకరు అను వరుసలో చూడవలయును. రెండు స్పీకర్లలో ఒకటి పలుకనిచో, పెట్టెను ఆపి వెనుక కుడియెడమల తీగలను తారుమారు చేసి మరల పెట్టుడు. అదే స్పీకరు మూగగా ఉన్నచో దోషము ఆ స్పీకరుది, లేదా దాని తీగది. మూగతనము రెండవ దానికి మారినచో దోషము పెట్టెలోనో, పాట వచ్చు మూలములోనో కలదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

రెండును పలుకుచున్నను శబ్దము డొల్లగా ఉండి గంభీరస్వరము లేకున్నచో, ఒక స్పీకరునకు ఎఱ్ఱ తీగ, నల్ల తీగ తారుమారైనవేమో చూడుడు. ఒకటి గాలిని ముందుకు నెట్టునపుడు మరియొకటి వెనుకకు లాగును. రెండును కలిసి గంభీరస్వరమును చంపును. ఎడతెగని "గుం" శబ్దము వచ్చుచున్నచో ఎర్తింగును, తీగల బిగువును చూపించవలయును. శబ్దము పెంచు మీట త్రిప్పునపుడు బరబర వచ్చినచో అది చాలవరకు లోని దుమ్మే. శుభ్రపరచు ద్రవముతో పోవును. బ్లూటూతు స్పీకరు పలుకనిచో, అది ఇంటిలోని మరియొకరి ఫోనుతో కలిసియున్నదేమో విచారింపుడు. ఒక్క హెచ్చరిక: ప్లగ్గు తీసినను పాత పెట్టెలలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. వాల్వు రేడియోలలో అది ప్రాణాపాయకరము. మూత విప్పు పని తెలిసిన మేస్త్రీకి విడువుడు.

ఇక క్యాసెట్టు మాట. మా అవ్వ రాగులు విసరుచు పాడిన పాటలను మా తండ్రిగారు ఒక క్యాసెట్టులో పట్టియుంచిరి. అవ్వ గతించిన చాల యేండ్లకు, ఒక పండుగనాడు, మా పిల్లలకు వినిపింపవలెనని అటకమీది టేపురికార్డరును దించితిమి. తొందరలో దానిని తుడువనైన లేదు. లోని రబ్బరు చక్రము జిగటబారి యుండెను. రెండవ పాట నడుమ అది టేపును లోనికి లాగి నలిపివేసినది. బిడ్డలు నవ్విరి, మా తండ్రిగారు లేచి పెరటిలోనికి పోయిరి. పరులకు జాగ్రత్తలు చెప్పి అమ్మువారము, మా యింటిలో మేమే ఆ తప్పు చేసితిమి. మిగిలినంత తరువాత కాపీ చేసికొంటిమి. పోయినది పోయినదే.

కావున వినుడు. అవ్వ గొంతు గల క్యాసెట్టును మొదట పెట్టరాదు. పోయినను చింత లేని సినిమాపాటల క్యాసెట్టును పెట్టి పరీక్షింపుడు. టేపు తగులు హెడ్డును, రబ్బరు చక్రమును ముందే శుభ్రపరుపుడు. హెడ్డునకు ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూది చాలును. హెడ్డు మురికియైనచో శబ్దము దుప్పటి కప్పినట్లు వినబడును. పాట సాగిలబడినచో లోని బెల్టు వదులై యుండవచ్చును. అంతయు సరియైన పిదప ఆ క్యాసెట్టు పెట్టి, తీగతో కంప్యూటరునకు కలిపి రికార్డు చేయుడు. రెండు ప్రతులు రెండు చోట్ల ఉంచుడు. గొంతు ఎవరిది, ఊరు ఏది, ఏ పనివేళ పాడినది అని వ్రాసి జతపరుపుడు.

క్రొత్తది కొనువారికి నాలుగు మాటలు. డబ్బాపై అచ్చువేసిన వేలకొలది "పీఎంపీఓ వాట్ల"ను చూచి మోసపోకుడు. "ఆర్ఎంఎస్" అని యున్న లెక్కయే లెక్క. మన మధ్యతరగతి యిండ్ల గదికి ఒక్కొక్క స్పీకరునకు పది, ఇరువది వాట్లు చాలును. స్పీకరు ఓములు పెట్టెకు చెప్పిన కనీసమునకు తక్కువ కారాదు. ఫోను, తీగ, రెండును కలుపుకొను రంధ్రములున్నవో లేవో చూడుడు. ఆకాశవాణివారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా తెలుగు కేంద్రములను ఫోనులో వినవచ్చును. ఆ ఫోనుకు స్పీకరు జతయైనచో ఇల్లంతయు వినును.

అన్నిటికంటె ముఖ్యము, అంగడిలో వారు పెట్టిన డప్పుల పాట విని కొనకుడు. ఆ మ్రోతలో ఏ పెట్టెయైనను గొప్పదిగానే తోచును. మీ ఫోనులో మీ యింటి పెద్దల మాట పట్టుకొని పొండు. శకార, సకారములు వేరువేరుగా వినబడుచున్నవా? "కల", "కళ" అను మాటలకు భేదము తెలియుచున్నదా? తెలియనిచో ఆ పెట్టె మనకు కాదు. ఇంటికి తెచ్చిన పిదప దానిని గోడమూలను పెట్టకుడు. మ్రోత పెరిగి మాట మునుగును. కూర్చున్నవారి చెవి యెత్తున ఉంచుడు. టీవీ మాటలు తెలియని వృద్ధులకు శబ్దము పెంచుటకంటె, వారి కుర్చీ దగ్గర చిన్న స్పీకరు ఉంచుట మేలు.

తుదకొక విన్నపము. ఈ రాత్రి ఇంటికి పోయి అటక వెదకుడు. దొరకిన క్యాసెట్టును మా అంగడికి తెండు. కాపీ తీసి యిచ్చుటకు మేము రూపాయి పుచ్చుకొనము. క్రొత్త పెట్టె ఎప్పుడైనను కొనవచ్చును. ఆ గొంతు ఏ అంగడిలోను దొరకదు.

సెలవు.