తలమీద చెయ్యి: కృష్ణా మెట్టలో అపొస్తలుల పరంపర

జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ఒక బుద్ధ విగ్రహం రాతిమీద, దాన్ని నిలబెట్టిన శిష్యుడు తన పేరొక్కటే చెక్కించి ఊరుకోలేదు. తాను చంద్రప్రభుడు, తన గురువు జయప్రభాచార్యుడు, ఆయన గురువు నాగార్జునాచార్యుడు అని మూడు తరాలూ చెప్పుకున్నాడు. 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన స్తూపం అది. ఎవరి దగ్గర నేర్చావని అడిగితే గురువు పేరు చెప్పడం ఈ నేలలో అంత పాత మర్యాద.

క్రైస్తవ సంఘంలో ఆ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. ఈ బిషప్ తలమీద చేతులుంచినవారెవరు? వారి తలమీద ఉంచినవారెవరు? ఆ హస్తనిక్షేపణ వరస తెగకుండా అపొస్తలుల దాకా వెళ్తుందా? దీన్నే అపొస్తలుల పరంపర అంటారు. రాఘవాపురం పగోలు వెంకయ్యగారి స్మృతికి అంకితమైన ఈ ప్రసంగంలో ఈ సభ ముందుకు తేవలసిన చరిత్ర ఇదే.

ఎందుకంటే వెంకయ్య కథ ఆ వరసకు బయట మొదలైంది. ఆయన మాలపల్లె పెద్ద. విగ్రహాల మీద నమ్మకం పోయాక, పేరు తెలియని దేవుణ్ణి తనకు కనిపించమని ఏళ్ల తరబడి వేడుకున్నాడు. తనవాళ్లకూ ఆ ప్రార్థనే నేర్పాడు. బెజవాడలో కృష్ణాస్నానానికి వెళ్లినప్పుడు రేవులో ఒక బ్రాహ్మణుడు దొరగారి బంగళాకు దారి చూపించాడు. ఆ దొర చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.)కి చెందిన థామస్ యంగ్ డార్లింగ్. ఏళ్లపాటు బోధించి ఫలితం కనబడక నీరసించి ఉన్నాడాయన. 1859లో వెంకయ్యకు బాప్తిస్మం ఇచ్చాడు. ఈ మెట్టప్రాంతపు పల్లెల్లో సువార్త ఆ ఇంటినుంచి పాకింది. 1891లో కన్నుమూసేదాకా వెంకయ్య చుట్టాల ఊళ్లు తిరుగుతూనే ఉన్నాడు. ఆయన తలమీద చెయ్యి ఉంచి పంపిన బిషప్ లేడు. అయినా ఆయన మాటవల్ల పుట్టిన సంఘాలకు బిషప్ వచ్చాడు, బల్ల వచ్చింది, ప్రార్థన పుస్తకం వచ్చింది.

ఆ కాలానికే ఇంగ్లండులో ఈ పరంపర మీద పెద్ద వాదం నడుస్తోంది. 1833లో ఐర్లండ్ బిషప్పుల స్థానాలను ప్రభుత్వం తగ్గించబూనినప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ కీబుల్, జాన్ హెన్రీ న్యూమన్ ఎదురు తిరిగారు. సంఘం అధికారం పార్లమెంటు పెట్టిన భిక్ష కాదనీ, అపొస్తలుల చేతుల మీదుగా వచ్చిందనీ వారి వాదం. విశ్వాసాన్ని ఎవరి అభిప్రాయం వారిదిగా మార్చేసే ఉదారవాదానికి అడ్డుకట్ట ఆ పరంపరేనని న్యూమన్ నమ్మాడు. చివరికి 1845లో రోమన్ కతోలిక సంఘంలో చేరిపోయాడు. ఆ రోమే 1896లో, పోప్ పదమూడో లియో నోట, ఆంగ్లికన్ అభిషేకాలు చెల్లవని తేల్చింది. పరంపర తమదేనని గట్టిగా చెప్పుకున్నవారికి తగిలిన ఆ దెబ్బ చిన్నది కాదు.

పరంపరకు పెద్దపీట వేసే ధోరణీ, బోధకు పెద్దపీట వేసే ధోరణీ రెండు దారుల్లో తెలుగుదేశానికి వచ్చాయి. కృష్ణా జిల్లాకు వచ్చిన సి.ఎం.ఎస్. సువార్తిక వర్గానిది, దానికి బోధ ముందు, బిషప్ తరవాత. నంద్యాల వైపు పనిచేసిన మరో ఆంగ్లికన్ మిషన్ సంస్థ ఎస్.పి.జి.లో బిషప్ స్థానానికీ సంస్కారాలకూ బరువెక్కువ. ఒకే ప్రార్థన పుస్తకం చదివే తెలుగు ఆంగ్లికన్లు 1947లో, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, రెండుగా చీలడానికి మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

ఆ రెంటినీ ఎరిగినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. కృష్ణా సంఘాలు తరవాత ఆయన పాలనలోకి వచ్చాయి. 1935 నాటికి ఆ డయాసిస్‌లో 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు. పరంపర అంటే ఆయనకు గొప్ప గౌరవం. కానీ పక్క సంఘంవాడితో ఒకే బల్ల దగ్గర కూర్చోలేని స్థితి ఆయన్ను బాధించింది. ఇంగ్లండులో పుట్టిన తగాదాలకు మాల, మాదిగ పల్లెలు ఎందుకు చీలాలి? అది న్యాయమైన ప్రశ్న.

1919 మే నెలలో తరంగంబాడిలో ఆయన, ఇతర సంఘాల గురువులు కూర్చుని ఐక్యతకు పిలుపునిచ్చారు. చరిత్రనుంచి వచ్చిన బిషప్ పదవిని అందరూ అంగీకరించాలి, దాని మీద ఫలానా సిద్ధాంతాన్నే నమ్మాలని మాత్రం ఎవరినీ బలవంతపెట్టరాదు. ఈ ఒక్క మాట చుట్టూ 28 ఏళ్లు చర్చ జరిగింది. 1943లో కవి టి.ఎస్. ఎలియట్ ఈ పథకం ఐక్యత పేరుతో విధ్వంసమని చిన్న పుస్తకమే రాశాడు. అజరయ్య 1945 జనవరి 1న మరణించాడు, ఫలం చూడకుండానే.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు దక్షిణ ఇండియా సంఘమయ్యాయి. ఆనాడే తొమ్మిదిమంది కొత్త బిషప్పులకు అభిషేకం జరిగింది. ఇకపై అభిషేకాలన్నీ బిషప్ చేతనే. అంతకుముందు బిషప్ చెయ్యి పడని గురువులను మాత్రం మళ్లీ అభిషేకించలేదు. వారి పరిచర్యను తక్కువ చేయని ఆ నిర్ణయం ధైర్యమైనది, సరైనది కూడా. లాంబెత్‌లో 1948లో చేరిన ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు మాత్రం ఈ సంఘాన్ని గుర్తించడంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయారు.

నంద్యాల ఆంగ్లికన్లు చాలామంది కలవలేదు. ఎస్.పి.జి.తో పాత బంధం, బిషప్ పదవి పలచబడుతుందన్న భయం వారిని ఆపాయి. వారిని మూర్ఖులనడం తప్పు. తండ్రులు అప్పగించినదాన్ని పోగొట్టుకోకూడదన్నది నిజమైన భక్తి. 1975లో వారూ చేరారు. 2013లో అదే నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలిత బిషప్‌గా అభిషిక్తురాలయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ ఆమె. ఇంగ్లండు సంఘం తన తొలి మహిళా బిషప్‌ను అభిషేకించింది 2015లో.

గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు నేటికీ ఈ కలయికకు బయటే ఉన్నారు. బాప్టిస్టులకు బిషప్పే అక్కర్లేదు. సంఘమే పాస్టరును పిలుచుకుంటుంది. వారితో మాట్లాడే పని మిగిలే ఉంది.

ఈ సభకు ఒక విన్నపం. బిషప్పుల పేర్లు వరసగా రాసి ఉన్నాయి. వెంకయ్య వెంట నడిచిన ఉపదేశుల పేర్లు చాలా పల్లెల్లో ముసలివారి నోటిలోనే ఉన్నాయి. చంద్రప్రభుడు రాతిమీద చెక్కించినట్టు, నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లోని ప్రతి గుడీ తనకు వాక్యం తెచ్చినవారి పేర్లను, ఎవరినుంచి ఎవరికి అందిందో సహా, ఈ ఏడాదిలోనే పుస్తకంలోకి ఎక్కించాలి.