ఫ్రిజ్జు క్రింది నీరు



ముప్పదియాఱు సంవత్సరములు పాఠశాలలో వ్యాకరణము బోధించి విశ్రాంతి తీసికొన్న నావంటివానికి ఫ్రిజ్జును గూర్చి మాటాడుట కేమి యర్హత యని మీ రడుగవచ్చును. అర్హత లేదు, అనుభవ మున్నది. ఆ యనుభవములో నే నొక తప్పు చేసితిని. దానిని నలుగురిలో చెప్పుకొనవలెనని తోచి యీ ప్రసంగమునకు సమ్మతించితిని.

మేము రాజమహేంద్రవరములో నొక అపార్టుమెంటున మూడవ అంతస్తులో కాపుర మున్నాము. మా యిల్లాలును నేనును ఇరువురమే. మా అబ్బాయి కొనిపెట్టిన రెండు తలుపుల ఫ్రిజ్జు భోజనపు గదిలో గోడప్రక్క నున్నది. గడచిన ఆషాఢమున, వానలు పట్టిన పిదప, ఒకనాటి యుదయము దాని ముందఱ నేలమీద దోసెడు నీరు కనబడెను. తుడిచితిమి. మఱునాడు మరల నున్నది. ఆ మఱునాడును అంతే.

మా యింట తొమ్మిది సంవత్సరములుగా పనిచేయుచున్న ఆమె సాయంకాలము గదులన్నియు తడిగుడ్డతో తుడిచి పోవును. గుడ్డ సరిగా పిండుట లేదనియు, ఆ నీరే పల్లమునకు చేరి నిలుచుచున్న దనియు మేము నిశ్చయించుకొంటిమి. "అమ్మగారూ, నేను గుడ్డ గట్టిగా పిండే పెడుతున్నానండీ. ఆ నీళ్లు పెట్టె కిందనుంచే వస్తున్నాయి" అని ఆమె రెండుసార్లు చెప్పెను. ఫ్రిజ్జు తలుపు తెఱచి కూరగాయల పెట్టెను లాగి చూచినచో ఆమె మాట నిజమని తెలిసియుండెడిది. చూడలేదు. నాలుగవనాడు మా యిల్లాలు ఆ తడిలో కాలుజాఱి పడెను. మణికట్టు బెణికెను. ఆ కోపములో నేను "ఱేపటినుండి రానక్కఱలేదు" అంటిని. ఆమె మాఱు పలుకక గుడ్డను ఉతికి ఆరవేసి వెళ్లిపోయెను.

మఱునాటి యుదయము నీరు యథాప్రకారముగా నున్నది!

చిన్ననాట గురువుగారి యొద్ద తర్కము చదివినవాడను. కారణము లేనిచో కార్యము లేకుండవలె ననుట మొదటి పాఠము. తుడుచు మనిషి లేదు, గుడ్డ లేదు, నీరు మాత్ర మున్నది. ఈ మాత్రము విచారము ముందురోజు చేయలేకపోతిని గదా యని నాకు సిగ్గు కలిగెను. అయినను వెంటనే ఆమె యింటికి పోవుటకు మన సొప్పలేదు. అసలు సంగతి తేలిన పిదప పోవుదమని మఱి మూడు దినములు గడపితిని. ఇది రెండవ తప్పు.

ఇంతలో క్రింది యింటివారు వచ్చిరి. "మాష్టారుగారూ, మా గది కప్పుమీద చెమ్మ దిగుతోంది, ఒకసారి చూడండి" అనిరి. చూచితిని. పళ్లెమంత మచ్చ. గోడలోని నీటిగొట్టము పగిలినదేమో, మా యింటి పలకలు పగులగొట్టి చూడవలె నని యొకరు సలహా చెప్పిరి. ఈలోగా ఫ్రిజ్జులు బాగుచేయు నొకనిని పిలిపించితిమి. అతడు మూడు నిమిషములు చూచి, "గ్యాసు అయిపోయిందండీ, ఎక్కించాలి" అని నాలుగువేల అయిదువంద లడిగెను. పై అఱలో మంచుగడ్డ ఱాయివలె నున్నది. వెన్న గట్టిగా నున్నది. గ్యాసు లేనిదే యింత చలువ యెక్కడిది? పైగా ఆ గ్యాసు మూసిన గొట్టములలో తిరుగునది; కారిపోయినచో చలువ తగ్గునే గాని నేలమీద నీరుగా నిలువదు. నేను వల దంటిని.

చివరకు నా పూర్వవిద్యార్థి యొకడు, ఇప్పు డీ పనిలోనే యున్నవాడు, వచ్చెను. వ్యాకరణములో వానికి ఏనాడును పది మార్కులు మించలేదు. ఆనాడు వాడు గురువు, నేను శిష్యుడను.

వాడు చెప్పిన దిది. ఆ నీరు ఫ్రిజ్జులోనిది కాదు, మన గాలిలోనిది. చల్లని మజ్జిగ పోసిన గ్లాసు వెలుపల చెమర్చుట మన మెఱుగుదుము గదా. 30 డిగ్రీల వేడిగల గాలి ఘనమీటరునకు సుమారు 30 గ్రాముల నీటియావిరిని మోయగలదు. 5 డిగ్రీలకు చల్లబడినచో 7 గ్రాములకు మించి మోయలేదు. తలుపు తెఱచినప్పు డెల్ల గదిలోని గాలి లోనికి పోవును. దానిలోని తేమ, పై అఱ వెనుక దాగియున్న చల్లని గొట్టములమీద మంచుపొరగా పేరుకొనును. కొన్ని గంటల కొకసారి అందలి చిన్న హీటరు దానంతట వెలిగి ఆ మంచును కరగించును. కరగిన నీరు తూములోనికి జాఱి, రంధ్రము గుండ సన్నని గొట్టములో దిగి, వెనుక కంప్రెసరుమీది పళ్లెములో పడును. కంప్రెసరు వేడికి అక్కడనే యావిరియైపోవును. ప్రతిదినము జరుగు పనియే యిది, మనకు కనబడదు.

చెన్నపట్నములో 1842లో కట్టిన ఐస్ హౌసున అమెరికానుండి ఓడలలో వచ్చిన మంచుగడ్డలు నిలువ చేసెడివారు. మంచు పెట్టినచోట నీరు కారుట వింత కాదు. మేము మంచు పెట్టలేదు గనుకనే ఆ నీ రెక్కడిదో మాకు తోచలేదు.

మా ఫ్రిజ్జులో ఆ రంధ్రము మూసికొనిపోయినది. దారిలేని నీరు కూరగాయల పెట్టె క్రిందికి దిగి, నిండి, తలుపు సందునుండి బయటికి వచ్చి, పలకల అతుకులలో నింకి క్రింది యింటి కప్పును చేరుచున్నది.

వాడు ముందుగా గోడవద్ద స్విచ్చి ఆపి ప్లగ్గు ఊడదీసెను. తడినేలపై వట్టికాళ్లతో నిలిచి ఫ్రిజ్జును ముట్టుకొనరాదని మా యిల్లాలిని మందలించెను. ఈ మాట శ్రోతలు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. లోని వస్తువులు తీసి, తలుపులు తెఱచి, క్రింద పాతబట్టలు పఱచి రాత్రియంతయు వదలితిమి. ఉదయము వచ్చి వెనుకపలక మఱలు విప్పెను. రంధ్రములో మంచు బిరడావలె బిగిసియున్నది. సూది తీసిన సిరంజితో గోరువెచ్చని నీరు మెల్లగా కొట్టగా అది కరగెను. గొట్టము క్రిందిమూతినుండి నల్లని జిగట యొకటి పళ్లెములో పడెను. తరువాత పోసిన నీరు ధారగా దిగెను. అంతే!

కత్తితో మంచును పొడువబోయి నేను చివాట్లు తింటిని. గొట్టమునకు చిల్లి పడినచో నిజముగనే గ్యాసు పోవును. నేటి ఫ్రిజ్జులు పెక్కింటిలో నున్నది ఐసోబ్యూటేను, మన వంటగ్యాసులోని బ్యూటేనుకు దాయాది, మండును. మఱుగునీరు పోసినచో ప్లాస్టిక్కు పగులవచ్చును.

వాడు మఱికొన్ని చూచెను. తలుపు అంచున నుండు రబ్బరుపట్టీకిని పెట్టెకును నడుమ కాగితము పెట్టి మూసి లాగెను. ఒకమూల అది తేలికగా వచ్చెను. అక్కడినుండి తేమగాలి రాత్రింబవళ్లు లోనికి పోవుచున్న దన్నమాట. పట్టీని సబ్బునీటితో తుడువగా మెత్తబడి అతుకుకొనెను. ముందుకాళ్లు కొంచె మెత్తి, తలుపు తనంత మూసికొనునట్లు చేసెను. వేడిచారు గిన్నెను మూత లేక లోపల పెట్టు అలవాటు మాన్పించెను. అది నా యలవాటు. మంచు మరల మరల గడ్డకట్టినచో హీటరు చెడియుండు ననియు, అప్పుడు కబురు పంపు మనియు చెప్పెను. డబ్బు తీసికొనలేదు, కాఫీ త్రాగి పోయెను.

ఆ సాయంకాలమే మే మిద్దరమును ఆమె యింటికి పోయితిమి. "నీరు ఫ్రిజ్జుదే. నీవు చెప్పినప్పుడు చూడక పోతిమి, తప్పు మాది" అంటిని. తొమ్మిదేండ్లలో నే నామెతో అంత దీర్ఘముగా మాటాడుట అదియే మొదటిసారి. ఆమె కొంతసేపు పలుకలేదు. పిదప, "చెయ్యి ఎలా ఉందండి అమ్మగారికి?" అని యడిగెను. రాని దినముల జీతము చేతిలో పెట్టితిమి. వస్తానని గాని రానని గాని ఆనాడు చెప్పలేదు. మూడవనాడు వచ్చెను.

క్రింది యింటి కప్పుమీది మచ్చ యింకను పూర్తిగా ఆరలేదు. చెమ్మపై రంగు వేసిన పొరలూడునట. దసరా వెళ్లిన పిదప నా ఖర్చుతో వేయింతు నని వారికి చెప్పియున్నాను.